ఫొటో చూసి వేసినా నిర్ణయం నీదే

చిరంజీవి అమ్మలుకు,

ఫోన్‌లో క్షణంలో వచ్చే బొమ్మను నెలల తరబడి చేత్తో వెయ్యడం ఎందుకని అడిగావు. ఫొటో చూసి అచ్చం దానిలాగే బొమ్మ వేసే ఫొటోరియలిజం నేర్చుకోవాలనుకునే ప్రతివాళ్లూ ముందు తేల్చుకోవలసిన సంగతే ఇది.

1960ల చివర అమెరికాలో ఈ ఉద్యమం మొదలైంది. అప్పటికి అక్కడ నైరూప్య చిత్రకళ రాజ్యమేలుతోంది. ఫొటో చూసి వేస్తే చిన్నచూపు. అయినా కొందరు ఫొటో వాడుతున్న సంగతి దాచలేదు సరికదా, కెమెరా లోకాన్ని ఎలా చూస్తుందన్నదే తమ బొమ్మలకు విషయం చేసుకున్నారు. ఫొటోరియలిజం అన్న పేరు 1969లో న్యూయార్క్ గ్యాలరీ యజమాని లూయిస్ మైజెల్ పెట్టాడు.

వాళ్లలో చక్ క్లోజ్ బొమ్మలు నువ్వు శ్రద్ధగా చూడాలి. 1967-68లో అతను వేసిన 'బిగ్ సెల్ఫ్ పోర్ట్రెయిట్' ఎత్తు దాదాపు 9 అడుగులు. ముందు ఫొటో మీద గళ్లు గీశాడు, అవే గళ్లను పెద్దవి చేసి కాన్వాసు మీద గీశాడు, ఒక్కో గడిలో ఉన్నదాన్ని రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్‌తో ఎక్కించాడు. వాడింది పల్చటి నలుపు రంగే. తెలుపంతా కాన్వాసుదే. వెలుగు కావలసిన చోట రంగును బ్లేడుతో గీకి తీశాడు. కళ్లూ పెదవులూ స్పష్టంగా ఉంటాయి, చెవుల దగ్గరికి వచ్చేసరికి మసక. లెన్సు అలాగే చూసింది కాబట్టి ఆ మసకనూ అంతే శ్రద్ధగా వేశాడు.

మన సినిమా బ్యానర్ల చిత్రకారులూ గళ్లు గీసే ఫొటోలను పెద్దవి చేసేవారు. కానీ వాళ్లు హీరో ముఖానికి మెరుపులు దిద్దేవారు. క్లోజ్ తన గరుకు గడ్డాన్ని, చెదిరిన జుట్టును ఉన్నవున్నట్టు వదిలాడు. పద్ధతి ఒకటే, ఉద్దేశం వేరు. తర్వాత రంగుల ముఖాలు వేసేటప్పుడు అచ్చు యంత్రం లాగే నీలం, ఎరుపు, పసుపు రంగులను పొర మీద పొరగా వేసి చర్మపు ఛాయ తెప్పించాడు.

ఇప్పుడు రిచర్డ్ ఎస్టెస్‌ను చూడు. 1967లో న్యూయార్క్ టెలిఫోన్ బూత్‌లను వేశాడు. అద్దాల్లో, లోహపు రేకుల్లో వీధి ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. అతను ఒక్క ఫొటోతో సరిపెట్టుకోడు. చాలా ఫొటోల్లోంచి కావలసినవి ఏరుకుని, దగ్గరిదీ దూరానిదీ ఒకే స్పష్టతతో నిలుపుతాడు. ఏ కెమెరాకూ ఒక్క క్లిక్కులో అంత దొరకదు. ఆడ్రీ ఫ్లాక్ ఫొటో స్లైడును కాన్వాసు మీద ప్రొజెక్టరుతో పడేసుకుని, ఎయిర్‌బ్రష్‌తో నగలూ పళ్లూ కొవ్వొత్తులూ నిగనిగలాడే రంగుల్లో వేసింది.

ఒకరు మసకను ఉంచారు, ఒకరు తీసేశారు, ఒకరు రంగుల జిగి పెంచారు. ముగ్గురి ముందూ ఫొటో ఉంది. దానిలో ఏది ఉంచాలో, ఏది మార్చాలో మాత్రం ఎవరికి వారే తేల్చుకున్నారు. నీ ప్రశ్నకు నా జవాబు ఇదే. ఫొటోకు నకలు దించడం నైపుణ్యం, ఆ ఎంపిక కళ.

ఇక సాధన. కిటికీ పక్కన స్టీలు గ్లాసు పెట్టి నువ్వే ఫొటో తియ్యి. ప్రింటు మీద అరంగుళం గళ్లు, కాగితం మీద రెండంగుళాల గళ్లు గియ్యి. రెండింటినీ తలకిందులుగా పెట్టుకో. మాల్కమ్ మోర్లీ అనే చిత్రకారుడు తన ఓడల బొమ్మలను అలాగే వేసేవాడు. అప్పుడు గ్లాసు కనిపించదు, మచ్చలే కనిపిస్తాయి. నీకు తెలిసిన గ్లాసును కాదు, కనిపించే మచ్చను వెయ్యి. కళ్లు సగం మూసి చూస్తే ఏది ముదురో ఏది లేతో తెలుస్తుంది. ముందు నలుపు తెలుపుల్లో పట్టు సాధించు, రంగుల జోలికి తర్వాత వెళ్లవచ్చు.

తొందరపడకు. ఒక గడి సరిగ్గా కుదిరాకే పక్క గడికి వెళ్లు. బొమ్మ పూర్తయ్యాక, ఫొటోలో ఉన్నదానిలో నువ్వేం ఉంచావో, ఏం మార్చావో ఒక కాగితం మీద రాసి నాకు పంపు.

ఇట్లు,
మీ పెదనాన్న