సందేహాలు – సమాధానాలు: పాట తీసేసినా డిస్క్ ఖాళీ కాదేం?

విండోస్ మీడియా ప్లేయర్‌లో అక్కర్లేని పాటలు చాలా తీసేశాను. అయినా డిస్క్‌లో చోటు ఏమాత్రం పెరగలేదు. ఎందుకని?
– ఒక పాఠకురాలు, తెనాలి

అమ్మా, ప్లేయర్‌లో మీకు కనిపించే లైబ్రరీ ఒక జాబితా మాత్రమే. పాటల ఫైళ్లు వేరే ఫోల్డర్‌లో ఉంటాయి. డిలీట్ నొక్కగానే ప్లేయర్ రెండు దారులు చూపిస్తుంది: లైబ్రరీలోంచి మాత్రమే తీసెయ్యడం, లైబ్రరీతోపాటు కంప్యూటర్‌లోంచి కూడా తీసెయ్యడం. మీరు మొదటిది ఎంచుకుని ఉంటారు. ఇకపై అడగొద్దని ఎప్పుడైనా టిక్ పెట్టి ఉంటే ఆ ప్రశ్న కూడా రాదు. ఆర్గనైజ్ మెనూలో ఆప్షన్స్ తెరిచి, లైబ్రరీ ట్యాబ్‌లో ఇది మార్చుకోవచ్చు. ప్లేలిస్ట్‌లోంచి తీసినా అంతే, ఫైలు చెక్కుచెదరదు. ఫైలునే తీసేశాక కూడా రీసైకిల్ బిన్ ఖాళీ చేస్తేనే చోటు వస్తుంది. ఆ పని ఓ వారం ఆగి చెయ్యండి.

ఐట్యూన్స్‌లో ఒక్కో పాట రెండు మూడుసార్లు ఉంది. అన్నీ ఒకేసారి ఏరిపారెయ్యొచ్చా?
– ఒక పాఠకుడు, వరంగల్

ఏరొచ్చు, కానీ ఒకేసారి పారెయ్యకండి. ఫైల్ మెనూలో లైబ్రరీకి వెళ్తే నకళ్లు చూపించే ఆప్షన్ ఉంటుంది. షిఫ్ట్ పట్టుకుని ఆ మెనూ తెరిస్తే ఆల్బమ్ కూడా కలిసినవే వస్తాయి. అయితే ఐట్యూన్స్ పాట వినదు, పేర్లు చూస్తుందంతే. ఘంటసాల గారి పాట సినిమా రికార్డులోది ఒకటి, కచేరీలోది ఒకటి ఉంటే రెండూ నకళ్లుగానే కనిపించవచ్చు. నిడివి చూడండి, తేడా ఉంటే విని తేల్చుకోండి.

నన్ను అన్నిటికన్నా భయపెట్టేవి ‘ట్రాక్ 01’ అనే ఫైళ్లు. వివరాలు దొరకని సీడీలు, ఇంట్లో క్యాసెట్ల నుంచి ఎక్కించినవి చాలావరకు ఇదే పేరుతో, గాయకుడి పేరు లేకుండా ఉంటాయి. వాటిలో మీ తాతగారి హరికథ ఉండొచ్చు. మార్కెట్లో దొరికే పాట పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు, అది పోతే ఎక్కడా దొరకదు. అలాంటివి విని, పేరు పెట్టి, వేరే డిస్క్‌లో కాపీ ఉంచాకే మిగతా పని మొదలుపెట్టండి.

నిజమైన నకళ్లలో ఏది ఉంచాలి? 128 కేబీపీఎస్ ఎంపీ3 నిమిషానికి దాదాపు 1 ఎంబీ, 320 అయితే 2.4 ఎంబీ పడుతుంది. మామూలుగా 320 ఉంచుకోండి. 128ని మార్చి 320 చేసినదైతే సైజే పెరుగుతుంది, పోయిన నాణ్యత తిరిగి రాదు. కాబట్టి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి.

పెన్‌డ్రైవ్‌లో పాటలు పొరపాటున డిలీట్ చేశాను. రీసైకిల్ బిన్‌లో లేవు.
– ఒక విద్యార్థి, కడప

పెన్‌డ్రైవ్‌లో తీసేసినవి సాధారణంగా రీసైకిల్ బిన్‌కి వెళ్లవు. ముందు ఆ డ్రైవ్‌లోకి ఇంకేమీ ఎక్కించకండి. కొత్త ఫైలు వచ్చి పాతదాని చోటు ఆక్రమిస్తే ఇక ఆశ ఉండదు. మైక్రోసాఫ్ట్ వాళ్ల విండోస్ ఫైల్ రికవరీ ఉచితంగా దొరుకుతుంది, ప్రయత్నించండి. దొరికిన పాటల్ని మాత్రం అదే పెన్‌డ్రైవ్‌లో కాకుండా కంప్యూటర్‌లో దాచుకోండి.