ప్రశ్నలు – జవాబులు: నరాల అల్లికను తెలుగులో చెబితే తప్పా?

ప్రశ్న: ఎంబీబీఎస్ మొదటి సంవత్సరంలో అనాటమీని విద్యార్థులే ఒకరికొకరు చెప్పుకోవాలంటున్నారు. ఈతరానివాడు మరొకడికి ఈత నేర్పినట్టు కాదా? ఇక అధ్యాపకులెందుకు?
– ఒక తండ్రి, ప్రొద్దుటూరు

జవాబు: చాలామంది తల్లిదండ్రులకున్న ఈ భయం లెక్క చూస్తే నిలవదు. విద్యార్థి ఏం విన్నాడన్నది కాక ఏం చేయగలడన్నది కొలిచే సామర్థ్యాధారిత పాఠ్యప్రణాళిక 2019లో అమలులోకి వచ్చినప్పుడు, అనాటమీకి కేటాయించిన 675 గంటలలో 220 ఉపన్యాసాలకు, 415 చిన్న బృందాల బోధనకు, ప్రాక్టికల్స్‌కు పోగా స్వయంనిర్దేశిత అభ్యసనానికి మిగిలినవి 40 గంటలే. ఈ అభ్యసనమంటే, విద్యావేత్త మాల్కం నోల్స్ 1975లో వివరించినట్టు, తనకు తెలియనిదేదో తానే గుర్తించి, లక్ష్యం పెట్టుకుని, అందుకు తగిన పుస్తకాన్నో మనిషినో వెతుక్కుని, చివరకు ఎంత వచ్చిందో తానే బేరీజు వేసుకోవడం. ఆ మనిషి పక్క బెంచీ స్నేహితుడైనా కావచ్చు.

అయితే ప్రొద్దుటూరు బంగారు అంగళ్లవారికి తెలిసినట్టు, మాట ఎంత నమ్మకంగా ఉన్నా గీటురాయి మీద గీస్తేనే వన్నె తేలుతుంది. అనాటమీలో ఆ గీటురాయి డిసెక్షన్ బల్ల మీది మృతదేహం. బృందం చెప్పుకున్నది దేహంలో కనబడనప్పుడు, పొరపాటు బృందానిదా, లేక ఆ దేహంలోని రక్తనాళమే పుస్తకంలోని బొమ్మకు భిన్నంగా ఉందా అన్నది తేల్చవలసినవారు అధ్యాపకులే కనుక, వారి అవసరం తగ్గదు.

ప్రశ్న: ఫోనులో త్రీడీ యాప్ ఉండగా డిసెక్షన్ హాలులో గంటల తరబడి నిలబడడం ఎందుకు?
– విద్యార్థి, పులివెందుల

జవాబు: యాప్‌లో నరానికి పసుపురంగు వేసి ఉంటుంది, దేహంలో దానిని కొవ్వులోంచి వెతికి తీయాలి.

ప్రశ్న: ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివిన అమ్మాయి, ఇంగ్లీషులో తడబడితే నవ్వుతారని బృందచర్చలో నోరు విప్పడం లేదు. స్పోకెన్ ఇంగ్లీషు కోచింగ్ పెట్టించాలా?
– ఒక తల్లి, జమ్మలమడుగు

జవాబు: అక్కర్లేదు, ఆ అమ్మాయి ముందుగా తెలుగులో చెప్పడం మొదలుపెట్టాలి. పరీక్ష ఇంగ్లీషులో ఉంటుంది కనుక పేర్లు ఇంగ్లీషులోనే రావలసిందే గాని, అర్థం మాత్రం ఆలోచించే భాషలోనే కుదురుకుంటుంది.

బ్రేకియల్ ప్లెక్సస్‌నే, అంటే మెడ నుంచి చంక మీదుగా చేతికి దిగే నరాల అల్లికనే తీసుకుంటే, మెడనరాలలో చివరి నాలుగు, ఛాతీనరాలలో మొదటిది కలిపి అయిదు వేర్లు. అవి మూడు కాండాలై, ఒక్కో కాండం రెండుగా చీలి, ఆ ఆరు చీలికలు మళ్లీ మూడు పేటలుగా కలిసి, చివరికి అయిదు పెద్ద కొమ్మలుగా చేతిలోకి దిగుతాయి. దీనిని నేల మీద సుద్దతో గీసి, ఒక్కొక్కరు ఒక్కో కొమ్మ మీద నిలబడి, అది ఏ కండరాన్ని కదిలిస్తుందో చెబుతూ ఆ కండరాన్నే కదిలించి చూపితే, వారం రోజుల బట్టీ ఒక్క సాయంత్రంలో తేలిపోతుంది. కాన్పులో బిడ్డ భుజం చిక్కుకుని మెడ సాగితే పై కాండం దెబ్బతింటుందని, అప్పుడు చేయి పక్కకు వేలాడి, లోపలికి తిరిగి, అరచేయి వెనక్కి చూస్తుందని, దీనినే ఎర్బ్స్ పాల్సీ అంటారని నటించి చూపిన విద్యార్థి దానిని మరిచిపోవడం కష్టం.

చెప్పబోయేటప్పుడే తనకు తెలియనిది బయటపడుతుంది కనుక, తోటివారి బోధనలో ఎక్కువ లాభం వినేవారికన్నా చెప్పేవారికే. అందువల్ల బృందంలో వాచాలురే ప్రతిరోజూ చెప్పడం మాని, వంతులు వేసుకుని, మౌనంగా ఉండేవారికి మొదటి వంతు ఇవ్వాలి. రేపు జమ్మలమడుగు ఆసుపత్రిలో చేయి ఎత్తలేని కూలీకి అతని జబ్బేమిటో వివరించవలసింది తెలుగులోనే కనుక, ఈ అమ్మాయి సాధన వృథా పోదు. నవ్వేవారు ఉంటే, వారి చేతికి సుద్దముక్క ఇచ్చి ఆ అల్లికను గీయమని అడగాలి.