ఖాళీ ప్రోనోటు మీద సంతకం పెట్టకండి

ఫిల్మ్ నగర్‌లోని నా లాయరు ఆఫీసుకు ఈ మధ్య శ్రీకాకుళం తీరంవాళ్లు ఎక్కువగా వస్తున్నారు. వీళ్లు ఇక్కడ సెట్టు పనుల్లో, ఇళ్లలో పనిచేస్తుంటే తమ్ముళ్లు, బావమరుదులు గుజరాత్‌లోని వెరావల్‌కు వేటకు పోతారు.

మొన్న ఒకావిడ వచ్చింది. తమ్ముడు 40 వేలు అడ్వాన్సు తీసుకుని బోటెక్కాడు. జ్వరం వచ్చి పడుకుంటే యజమాని రేవులో దించేసి వెళ్లిపోయాడు. ఆరు నెలల జీతం లేదు. పైగా 3 లక్షలు బాకీ అంటూ లాయరు నోటీసు! రెవెన్యూ స్టాంపు అంటించిన ఖాళీ ప్రోనోటు మీద కుర్రాడు సంతకం పెట్టాడు. "ఏటీ లేదు, ఒట్టి కాగితమే అన్నారండి" అంటుంది ఆవిడ. ఈ ఏడాది ఈ మాట వినడం నాకిది నాలుగోసారి.

ఒట్టి కాగితం కాదమ్మా. స్టాంపున్న ఖాళీ పత్రం మీద సంతకం చేసి ఇస్తే, ఆ స్టాంపు చెల్లే మేరకు అంకె నింపుకోమని మీరే అధికారం ఇచ్చినట్టు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 20వ సెక్షన్ చెప్పేది ఇదే. 118వ సెక్షన్ ప్రకారం డబ్బు ముట్టిందనే కోర్టు మొదట అనుకుంటుంది. ముట్టలేదని మీరు నిరూపించుకోవాలి.

వెరావల్ నుంచి వేటకెళ్లి 2018 నవంబరులో పాకిస్తాన్‌కు చిక్కిన మన మత్స్యకారుల్లో 20 మంది 2020 జనవరిలో వాఘా దాటి వచ్చారు. 2025లో వచ్చిన 'తండేల్' సినిమాకు ఆధారం వాళ్ల కథే. అదే 2020లో లాక్‌డౌన్ పెట్టగానే 4 వేలకు పైగా ఆంధ్రా మత్స్యకారులు వెరావల్ రేవులో బోట్లలోనే ఇరుక్కున్నారు. ఏప్రిల్ చివర్లో బస్సుల్లో తెచ్చారు. సొంత తీరంలో సరైన హార్బరు లేకే ఇంత దూరం పోతారు. వాళ్లు బోటెక్కే ముందు పెట్టే సంతకం సంగతి మాత్రం ఎవరికీ పట్టదు.

అడ్వాన్సు తీరేదాకా కదలకూడదన్నా, దాన్ని చూపించి కనీస వేతనం ఎగ్గొట్టినా అది వెట్టి. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం 6వ సెక్షన్ కింద ఆ బాకీ రద్దు, దానికోసం దావా చెల్లదు. 15వ సెక్షన్ ఇంకా బలమైనది. ఇది వెట్టి బాకీ అని కూలీ అంటే, కాదని నిరూపించే భారం అప్పిచ్చినవాడిదే. కుర్రాడి తరఫున జవాబులో ఇదే రాశాం.

ఈ కేసులోనే ఒక అధికారి నన్నడిగాడు: "అడ్వాన్సు తీసుకున్నాడుగా, ఇంక వెట్టేమిటి?" చట్టం పుట్టిందే అడ్వాన్సు కోసం! చదవకుండా కుర్చీలో కూర్చుంటే ఎలా? కలెక్టరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. వెట్టి నుంచి విడుదల పత్రం కోసం పట్టుబట్టండి. ప్రభుత్వం తక్షణ సాయంగా 30 వేల వరకు ఇవ్వడానికి కేసులో యజమానికి శిక్ష పడేదాకా ఆగనక్కర్లేదు.

ఆగస్టులో పడమటి తీరంలో వేట మొదలవుతుంది. జులైలోనే అడ్వాన్సులు పంచుతారు. డబ్బు బ్యాంకు ఖాతాలో వేయించుకోండి. బోటు నంబరు ఇంట్లో రాసిపెట్టండి. సంతకం తప్పనిసరైతే మొత్తం అంకెల్లో, అక్షరాల్లో మీ ఎదుటే నింపించి ఫోనులో ఫొటో తీసుకోండి. ఇప్పటికే సంతకం చేసినవాళ్లు నోటీసు వస్తే చింపేయకండి, గడువులోపు జవాబివ్వండి.

మళ్లీ చెబుతున్నాను, ఖాళీ ప్రోనోటు మీద సంతకం పెట్టకండి. వేలిముద్ర అసలే వేయకండి.