మెషీన్‌లోకి పౌడరా, లిక్విడా?

చి॥ల॥సౌ॥ అమ్మడికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

మియాపూర్ ఫ్లాట్‌లోకి ఫ్రంట్ లోడ్ మెషీన్ వచ్చిందనీ, దానికి పౌడర్ కొనాలా లిక్విడ్ కొనాలా అని ఆలుమగల మధ్య రెండు రోజులుగా వాదన నడుస్తోందనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. షాపతను లిక్విడ్ అన్నాడట, పక్కింటావిడ పౌడర్ అందట. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. కానీ ఆ ఇంటి కుళాయిలో ఏ నీళ్లు వస్తాయో ఇద్దరిలో ఎవరూ అడగలేదు. అసలు సంగతంతా అక్కడే ఉంది.

హైదరాబాద్‌లో మంజీర, కృష్ణా, గోదావరి నీళ్లు అందే ఇళ్లు కొన్నయితే, బోరు మీదా ట్యాంకర్ మీదా నడిచే అపార్ట్‌మెంట్లు కొన్ని. బోరు నీళ్లలో సాధారణంగా కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. కుళాయి మూతి చుట్టూ, గీజర్ లోపలా తెల్లగా పెచ్చు కట్టేది వీటి వల్లే. ఈ ఖనిజాల వల్ల తాగే నీటికి వచ్చే కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదనీ, వేరే నీటి వసతి లేనప్పుడు 600 వరకూ సరిపెట్టుకోవచ్చనీ భారతీయ ప్రమాణాల సంస్థ హద్దు పెట్టింది. ఇంట్లో లెక్క తేల్చుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. మూత ఉన్న సీసాలో సగం దాకా నీళ్లు పట్టి, ఒంటిసబ్బు తురుము చిటికెడు వేసి గట్టిగా గిలకొట్టాలి. నురుగు నిలబడి, కింద నీళ్లు తేటగా ఉంటే మృదుజలమే. నురుగు లేచీలేవక, నీళ్లు తెల్లగా మసకబారితే కఠినజలం. డిటర్జెంట్‌తో కాదు, ఒంటిసబ్బుతోనే చూడాలి. డిటర్జెంట్ గట్టి నీళ్లలోనూ ఎంతో కొంత నురగ పెట్టి మోసం చేస్తుంది.

అలాంటి నీళ్లలో డిటర్జెంట్ మురికి జోలికి వెళ్లేలోపే కొంత బలం ఆ ఖనిజాల మీద ఖర్చయిపోతుంది. మంచి పౌడర్లలో చాకలిసోడా, జియోలైట్ లాంటివి కలిపేది వాటిని అడ్డుకోవడానికే. చొక్కా కాలర్ జిడ్డు, దుప్పట్లు, పంచెలు, వంటింటి గుడ్డలు... నూలు బట్టల మొండి మురికికి పౌడర్ సరైనది. ఇందులో కొత్తేమీ లేదు. ఊళ్లో రజకులు చవుడు నీళ్లలో ముంచిన బట్టలు ఉబ్బ పెట్టి, తర్వాత రేవులో ఉతికేవాళ్లు. చవుడులో పనిచేసేదీ ఈ సోడాయే. దానికి ఆవిరి వేడి తోడయ్యేది. మెషీన్‌లోనూ అంతే, పౌడర్‌కి వేడి కావాలి. 40 డిగ్రీలు పెడితే బాగా కరుగుతుంది. కొన్ని ఖరీదైన పౌడర్లలో తెల్లబరిచే సోడియం పెర్‌కార్బొనేట్ ఉంటుంది. అది 60 దగ్గర బాగా పనిచేస్తుంది, చన్నీళ్లలో మందకొడి.

నాసిరకం పౌడర్ మాత్రం కొనకూడదు. అందులోని సోడా కాల్షియంతో కలిసి సుద్దగా మారి బట్ట మీదే కూర్చుంటుంది. నల్ల ప్యాంటు మీద తెల్లచారలు, అట్టకట్టినట్టు బిరుసెక్కిన తువ్వాళ్లు అలా వచ్చేవే.

లిక్విడ్ బలం వేరు. చన్నీళ్లలోనూ ఇట్టే కలుస్తుంది, పొడి మిగలదు, నూనె మరకను త్వరగా వదిలిస్తుంది, రంగుల మీద నెమ్మది. పెర్‌కార్బొనేట్ లాంటివి నీళ్లలో నిలవవు కాబట్టి మామూలు లిక్విడ్‌లో అవి ఉండవు. పోచంపల్లి నూలు చీరలకు అదే మేలు. తెల్లబట్టలకు అదే లోటు.

అల్లుడి తెల్ల లాల్చీ మీద ఆవకాయ ఊట పడిందనుకుందాం. అక్కడున్నవి రెండు మరకలు, నూనె ఒకటి, పసుపు ఒకటి. పౌడర్ తగలగానే పసుపు మరక భగ్గున ఎర్రబడుతుంది. కంగారు పడక్కర్లేదు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రనైనట్టే, పౌడర్‌లోని క్షారానికి పసుపు రంగు మారింది, అంతే. ముందు లిక్విడ్ చుక్కలు మరక మీద వేసి, వేలితో మెల్లగా రుద్ది, పావుగంట ఉంచి ఉతకాలి. నూనె పోతుంది. మిగిలిన పసుపు ఛాయను ఎండకు వదిలేయాలి. పసుపు రంగు వెలుతురుకు ఆగదు. తడి లాల్చీని మరక పైకి వచ్చేలా డాబా మీద ఆరేస్తే చాలావరకు వెలిసిపోతుంది. మరక పూర్తిగా పోయేదాకా ఇస్త్రీ పెట్టకూడదు.

ఏది వాడినా, చెయ్యి బరువుగా పడితే చెడుతుంది. ఫ్రంట్ లోడ్ తక్కువ నీళ్లతో బట్టల్ని పైకెత్తి కింద పడేసి ఉతుకుతుంది. నురుగు పెరిగితే ఆ దెబ్బ తగలదు. మిగిలిన డిటర్జెంట్ తలుపు రబ్బరు మడతల్లో చేరి జిగటై, నల్లబూజు పట్టి వాసన కొడుతుంది. అందుకే ఫ్రంట్ లోడ్ అని రాసి ఉన్న ప్యాకెట్టే తీసుకుని, దాని మీద చెప్పిన కొలత దాటకుండా వేయాలి. ఉతుకు అయ్యాక రబ్బరు తుడిచి తలుపు ఓరగా వదిలేయాలి. సొరుగులో రెండు గీతలున్న అర అసలు ఉతుకుది. లిక్విడ్ పోసేటప్పుడు ఆ అరలో మెషీన్‌తో ఇచ్చిన చిన్న అడ్డుపలక దించాలి. లేకపోతే నీళ్లు రాకముందే జారిపోతుంది. రాత్రి సిద్ధం చేసి తెల్లవారుజామున తిరిగేలా టైమర్ పెట్టే అలవాటుంటే, ఆ పూటకి పౌడరే నయం.

పెద్దమ్మ మాటగా, ఆ ఇంటికి రెండూ కావాలి. రోజువారీ ఆఫీసు బట్టలకు, రంగులకు లిక్విడ్. వారానికోసారి దుప్పట్లు, తువ్వాళ్లు, తెల్లవి కలిపి గోరువెచ్చని నీళ్లలో పౌడర్. నెలకోసారి ఖాళీ డ్రమ్ములో కాస్త పౌడర్ వేసి 60 డిగ్రీల మీద తిప్పితే లోపలి జిడ్డూ వదులుతుంది. వానాకాలం పౌడర్ గడ్డకట్టకుండా బిగుతు మూత డబ్బాలో పోసుకోవాలి. లిక్విడ్ సీసా మాత్రం చంటిపిల్లలు వచ్చే ఇంట్లో పై అరలోనే ఉండాలి.

పెళ్లి నాటి ధర్మవరం పట్టుచీరల దగ్గరికి ఈ రెండింటినీ రానివ్వకూడదు. పట్టు మాంసకృత్తుల దారం. క్షారం దాన్ని కొరుకుతుంది, పాల మరకలు, చెమట మరకలు కరిగించడానికి డిటర్జెంట్లలో కలిపే ఎంజైములూ కొరుకుతాయి. జరీ చీరలు డ్రైక్లీనింగ్‌కే ఇవ్వాలి. జరీ లేని మామూలు పట్టయితే కుంకుడు రసం వడకట్టి, చన్నీళ్లలో చేత్తో జాడించి నీడపట్టున ఆరేస్తే సరిపోతుంది. కుంకుడుకాయలు మీ అమ్మ చేత పంపిస్తున్నాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ