పాలు పోసేవారు, పని చేసేవారు
(సభ్యుల విద్య – అధ్యయన పాఠం)



పాల సంఘానికి యజమానులెవరని అడిగితే, పాలు పోసే మనమేనని గర్వంగా చెప్పుకుంటాం. అది నిజమే. అయితే కేంద్రంలో వెన్న శాతం చూసేవారు, పాల వ్యాను నడిపేవారు, శీతలీకరణ కేంద్రంలో క్యాన్లు కడిగేవారు మనల్ని ఎటువంటి యజమానులుగా చూస్తున్నారు? సమ్మె నోటీసు వచ్చేదాకా ఈ ప్రశ్న మనకు తట్టదు. వచ్చాక ఆలోచించడానికి వ్యవధి ఉండదు. సమ్మె జరుగుతున్నదని గేదె పాలివ్వడం మానదు కదా!

అందుచేత ఈ పాఠంలో జంషెడ్‌పూర్ టాటా ఉక్కు కర్మాగారం చరిత్రను పరిశీలిద్దాం. అది సహకార సంస్థ కాదు, వాటాదారుల కంపెనీ. తెలుగు కుటుంబాలు కూడా ఎన్నో పనికోసం వెళ్ళి స్థిరపడిన ఊరది.

ఇచ్చినంత మాత్రాన సరిపోయిందా?

ఆ కర్మాగారంలో 1912లోనే ఎనిమిది గంటల పనిదినం అమలయింది. 1920లో భవిష్యనిధి, జీతంతో కూడిన సెలవు వచ్చాయి. చట్టం అడగకముందే ఇచ్చిన సౌకర్యాలివి. అయినా అక్కడ 1920, 1922, 1928 సంవత్సరాలలో పెద్ద సమ్మెలు జరిగాయి. కార్మిక సంఘం పుట్టింది కూడా 1920 సమ్మె సమయంలోనే. 1928లో సిబ్బంది తగ్గింపుపై వచ్చిన వివాదం నెలల తరబడి సాగింది. సుభాస్ చంద్ర బోస్ కార్మికుల పక్షాన నిలిచిన తరువాత రాజీ కుదిరింది.

దీనినిబట్టి మనకు తెలిసేదేమిటి? కార్మికుడు యాజమాన్యాన్ని తూచేది ఇచ్చిన సౌకర్యాలతో మాత్రమే కాదు. తన బ్రతుకుకు సంబంధించిన నిర్ణయం తనను అడిగి చేశారా, అడగకుండా చేశారా అన్నది కూడా చూస్తాడు.

అడగడం మొదలుపెట్టాక

1956లో కంపెనీకి, గుర్తింపు పొందిన కార్మిక సంఘానికి ఒప్పందం కుదిరింది. శాఖ స్థాయి నుండి పై స్థాయి వరకు మూడంచెల సంయుక్త మండలులు ఏర్పడ్డాయి. ఉత్పత్తి, భద్రత, సంక్షేమం వంటి విషయాలను ఉభయపక్షాలు ఒకేచోట కూర్చుని చర్చించసాగాయి.

అంతటితో తగవులన్నీ తీరిపోయాయని అనుకోరాదు. 1958 మే నెలలో మరొక కార్మిక సంఘం పిలుపుపై అక్కడ మళ్ళీ సమ్మె జరిగింది. ఒక సంఘంతో సంతకాలయితే కార్మికులందరి మాటా విన్నట్లు కాదన్నమాట. కార్మికులు యాజమాన్యాన్నే కాదు, తమ నాయకులను కూడా తూచి చూస్తారు.

మనకు వర్తించేదేమిటి?

మన చిక్కు మరికొంచెం సున్నితమైనది. లీటరుకు ధర పెంచమని మనం అడుగుతాం. జీతం పెంచమని వారు అడుగుతారు. రెండూ రావలసినది పాలు అమ్మిన డబ్బులోనుంచే. కాబట్టి ఈ తగవులో ఒక పక్షం పూర్తిగా గెలవడమంటే రెండవ పక్షం నష్టపోవడమే. జమాఖర్చులు ఇద్దరి ముందూ పెట్టి మాట్లాడుకోవడం తప్ప వేరే దారి లేదు. వెన్న శాతం తక్కువ వచ్చినందుకు పరీక్ష చేసినవారిని తిట్టే సభ్యుడు, తనకు అన్యాయం జరిగిందని అనుకుంటాడు గాని, తాను యజమాని స్థానంలో మాట్లాడుతున్నానని మరచిపోతాడు. ఎదుటివారు మరచిపోరు.

సభలో చర్చించవలసిన ప్రశ్నలు

1. గత ఏడాదిలో మన పాలకవర్గం సిబ్బందితో ఎన్నిసార్లు కూర్చుని మాట్లాడింది?
2. పని వేళలు మార్చేముందు వారిని అడిగామా?
3. ఫిర్యాదు చెప్పుకోవడానికి వారికి ఎవరున్నారు? ఎన్ని రోజులలో జవాబు వస్తున్నది?
4. సర్వసభ్య సమావేశంలో జీతాల పద్దును సిబ్బంది ఎదుట విడమరచి చెప్పగలమా?

ఈ ప్రశ్నలకు జవాబులు మనలో మనమే చెప్పుకుంటే పాఠం సగమే అవుతుంది. సిబ్బందిని కూడా పిలిచి, ముందుగా వారినే చెప్పనిద్దాం.