విమాన పరీక్ష

1951వ సంవత్సరము ఆగస్టు 5వ తేదీన బెంగుళూరు నగరమున ఒక చిన్న విమానము తొలిసారిగా ఆకాశమున కెగిరెను. దాని పేరు హెచ్.టి.-2. ముందువెనుకలుగా రెండు ఆసనములు, ముక్కున ఒక్క పిస్టన్ యంత్రము, దానిచే తిరుగు పంకా — ఇంతియే దాని స్వరూపము. హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థలో డాక్టరు వి. ఎం. ఘాటగే నాయకత్వమున భారతీయ ఇంజనీర్లు దానిని రూపొందించిరి. బట్ట కప్పిన టైగర్ మాత్ వంటి విదేశపు విమానములపై మన యువకులు ఎగురుట నేర్చుకొనుచున్న కాలమది. ఈ క్రొత్త విమానము లోహముతో నిర్మింపబడినది. తొలిసారి దానిని నడిపినవాడు కెప్టెన్ జంషెడ్ మున్షీ.

క్రొత్త విమానమును పరీక్షించుట యనగా అది ఎగురునో లేదో చూచుట మాత్రమే కాదు. యుద్ధ విమానమునకు వేగము ప్రధానము కావచ్చును. శిక్షణ విమానము విషయమున అడుగవలసిన ప్రశ్న వేరు. నేర్చుకొనువాడు తప్పు చేయక మానడు. అప్పుడు విమానము వానిని హెచ్చరించునా? తప్పు దిద్దుకొనుటకు వ్యవధి నిచ్చునా?

పరీక్ష నేలమీదనే ఆరంభమగును. చోదకుడు విమానము చుట్టు తిరిగి ప్రతి మరను, ప్రతి కీలును చూచును. పెట్రోలు తొట్టి అడుగునుండి కొంచెము తీసి పరిశీలించును; నీరు పెట్రోలుకంటె బరువైనది గనుక, కలిసినచో అడుగున చేరును. యంత్రమున నిప్పురవ్వను పుట్టించు మాగ్నెటోలు రెండుండును. ఒకటి చెడినను రెండవది పనిచేయవలెను గనుక వానిని విడివిడిగా పరీక్షించును.

గాలిలో చేయు పరీక్షలలో ముఖ్యమైనది 'స్టాల్' అనునది. చోదకుడు మిక్కిలి ఎత్తునకు పోయి, యంత్రవేగము తగ్గించి, విమానపు ముక్కును మెల్లమెల్లగా పై కెత్తును. రెక్క గాలికి ఎదురుగా ఒక మితిని మించి వాలినప్పుడు, దానిపై సాఫీగా ప్రవహించు గాలి చెదరిపోవును. రెక్క తన బరువు మోయు శక్తిని కోల్పోవును, విమానము క్రుంగును. క్రుంగుచున్నప్పుడు చేతికర్రను వెనుకకు లాగి ముక్కు నెత్తవలెనని ఎవనికైనను తోచును. కాని అది ప్రమాదము. కర్రను ముందునకు నెట్టి ముక్కును దించినగాని రెక్కలకు మరల బలము చేకూరదు. నేలకు దగ్గరగా ఈ పొరపాటు జరిగినచో దిద్దుకొనుటకు ఎత్తు చాలదు. కావున మంచి శిక్షణ విమానము క్రుంగుటకు ముందే కంపించి చోదకుని మేల్కొల్పవలెను.

పిదప విమానమును బొంగరమువలె త్రిప్పుచు క్రిందికి దింపుదురు. చుక్కానిని ఎదురుదిక్కునకు త్రొక్కి, కర్రను ముందునకు నెట్టగా అది తిరుగుట మానవలెను. తోకవైపు బరువెక్కువైనచో మానుట కష్టమగును. అందుచే చోదకుడు పారాచ్యూట్ ధరించియే ఈ పరీక్షకు పూనుకొనును. యంత్రము ఒక్కటియే గనుక, అది ఆగినచో విమానము ఎంతదూరము జారి నేలకు దిగగలదో కూడ కొలుచును.

ఇంతటితో అతని పని ముగియలేదు. వేగము, ఎత్తు, కాలము ఎప్పటికప్పుడు వ్రాసికొని, దిగిన పిదప చూచినది చూచినట్లు చెప్పవలెను. ఏండ్ల తరబడి శ్రమించిన ఇంజనీర్లు ఎదుట నిలిచి ఆశతో చూచుచుందురు. "బాగున్నది" అనుట సులభము. "ఇచ్చట లోపమున్నది, సవరింపుడు" అనుట కష్టము. కాని అతడు దాక్షిణ్యమునకు లోబడి దాచిన లోపము, మరియొకనాడు అనుభవము లేని విద్యార్థి ప్రాణము తీయవచ్చును.

హెచ్.టి.-2 విమానములలో తరువాత 155 అశ్వశక్తిగల సిర్రస్ మేజర్ యంత్రము నమర్చిరి. అట్టివి 150కి పైగా నిర్మింపబడి భారత వైమానిక దళమునందును, పౌర శిక్షణ సంస్థలయందును పనిచేసెను. ఎందరో యువకులు వానిపైననే తొలిసారి నేలను విడిచిరి. వారి నిర్భయమునకు మూలము, వారికంటె ముందుగా ఎగిరి నిజము చెప్పినవారి సాహసము. ఆకాశమున ధైర్య మెంత అవసరమో, నేలపై సత్యమును అంతియే అవసరము.