బిడ్డకు మొదటి కాగితం



బిడ్డను బడిలో చేర్చాలన్నా, పెద్దయ్యాక పాస్‌పోర్టు తీసుకోవాలన్నా పుట్టిన తేదీకి రుజువు అడుగుతారు. ఇంతకాలం ఒక్కో కార్యాలయం ఒక్కో కాగితం అడిగేది. ఒకదానిలోని పేరు, తేదీ మరొకదానిలో ఉండేవి కావు. వాటిని సరిచేయించుకోవడానికి తిరిగిన ప్రతి రోజూ కూలి చేసుకునే కుటుంబానికి ఒక రోజు కూలి పోయినట్లే.

ఈ తిప్పలు తగ్గించటానికి 1969 నాటి జనన మరణాల నమోదు చట్టాన్ని పార్లమెంటు 2023లో సవరించింది. సవరణ 2023 అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చింది. ఆ తేదీన గాని, ఆ తరువాత గాని పుట్టిన వారికి బడిలో ప్రవేశం, డ్రైవింగ్ లైసెన్సు, ఓటర్ల జాబితా, వివాహ నమోదు, ప్రభుత్వోద్యోగం, పాస్‌పోర్టు, ఆధార్ వీటన్నిటికీ జనన ధ్రువపత్రం ఒక్కటే రుజువు. కాబట్టి మన జ్ఞానస్నాన పత్రం ఈ పిల్లలకు ఈ పనులలో దాని స్థానాన్ని తీసుకోలేదు.

మరి మనం చేయవలసినదేమిటి?

మొదటిది, బిడ్డ పుట్టిన 21 రోజులలోగా నమోదు కావాలి. ఆసుపత్రిలో పుడితే ఆసుపత్రివారే తెలియజేయాలి. అయినా నమోదయిందో లేదో అడిగి తెలుసుకోండి. ఇంట్లో పుడితే ఆ బాధ్యత ఇంటి పెద్దది. పల్లెల్లో సాధారణంగా పంచాయతీ కార్యదర్శిని, పట్టణాల్లో పురపాలక సంఘాన్ని కలవాలి. నమోదు పూర్తయిన 7 రోజులలోగా ధ్రువపత్రాన్ని ఉచితంగా ఇవ్వాలని చట్టం చెబుతోంది.

రెండవది, గడువు దాటిందని భయపడి ఊరకుండవద్దు. 30 రోజుల వరకు ఆలస్య రుసుముతో నమోదు చేస్తారు. ఆ తరువాత సంవత్సరం లోపు అయితే పై అధికారి అనుమతి కావాలి. ఇందుకు ఇదివరకు నోటరీ ఎదుట ప్రమాణపత్రం చేయించవలసి వచ్చేది. ఇప్పుడు మీరే సంతకం చేసి ధ్రువీకరించిన పత్రం చాలు. సంవత్సరం దాటితే మొదటి తరగతి మేజిస్ట్రేటు ఉత్తర్వు తేవలసి ఉండేది. ఇప్పుడు కలెక్టరు, ఆర్.డి.ఓ. వంటి అధికారులు విచారించి ఉత్తర్వు ఇవ్వగలరు.

మూడవది, పేరు ఇంకా పెట్టలేదని నమోదు ఆపవద్దు. పేరు లేకుండానే నమోదు చేయించి, 12 నెలలలోగా రుసుము లేకుండా పేరు చేర్పించవచ్చు. జ్ఞానస్నానానికి వచ్చేటప్పుడు ధ్రువపత్రం వెంట తెచ్చి, పేరు, ఇంటి పేరు, తేదీ రెండు చోట్లా ఒకేలా ఉండేటట్లు చూసుకోండి. ఒక్క అక్షరం తేడా రేపు బిడ్డను పది కార్యాలయాలు తిప్పుతుంది.

రిజిస్ట్రారు నిర్ణయం వలన అన్యాయం జరిగిందనుకుంటే 30 రోజులలోగా జిల్లా రిజిస్ట్రారుకు అప్పీలు చేసుకోవచ్చు. ఆయన 90 రోజులలోగా తేల్చాలి.

చట్టం బుద్ధికి తగినదై, అందరి మేలు కోరి, అధికారం గలవారు చేసినదై, ప్రజలకు ప్రకటింపబడినదై ఉండాలని పునీత తోమాసు అక్వినాసు బోధించారు. ఆ చివరి మాట గమనించండి. అధికారులకు మాత్రమే తెలిసిన సౌకర్యం పేదవానికి అక్కరకు రాదు. చదువు రాని పొరుగింటి తల్లికి ఈ 21 రోజుల సంగతి ఈ వారమే చెప్పండి. ఆమె బిడ్డకు అదే మీరిచ్చే మంచి కానుక.